గోడవారన గోంగూర

దత్తాత్రేయ మట్టిని నోట్లో వేసుకుని చూసే మనిషి. చిటికెడు పంటికింద పెడితే ఇసుక కరకరలాడుతుంది, బంకమట్టి నాలుక్కి అంటుకుంటుంది. తడిపి అరచేతుల మధ్య పేనితే దారం ఎంత సన్నగా సాగుతుందో చూసి, ఆ నేల ఎండకి ఎంత ముడుచుకుంటుందో, వానకి ఎంత ఉబ్బుతుందో చెప్పేవాడు. డల్లాస్‌లో ఇళ్ల పునాదులు లెక్కగట్టే కంపెనీలో పదమూడేళ్లుగా అదే ఉద్యోగం. గుంటూరు జిల్లా నల్లరేగడిలో పుట్టినవాడికి టెక్సస్‌లోనూ నల్లరేగడే ఎదురు కావడాన్ని ఆయన అదృష్టం అనుకోలేదు, హక్కు అనుకున్నాడు.

పనిచేసే ప్రతివాడూ తన విద్య ఒంట్లో ఏదో ఒక చోట కాపురముంటుందని నమ్ముతాడు. కంసాలికి కంట్లో, నాటువైద్యుడికి మూడు వేళ్ల కొసల్లో, వంటమనిషికి ముక్కులో. ఎవరైనా కొత్త పనిముట్టు తెచ్చి ముందు పెడితే ఆ చోటుని కోసి పారెయ్యమన్నట్టే ఉంటుంది. అచ్చుయంత్రం వచ్చినప్పుడు వ్రాయసగాళ్లు పడ్డ బాధా అదే, రైలు వచ్చినప్పుడు బండివాళ్లు పడ్డ బాధా అదే. దత్తాత్రేయకి అది 1981లో శ్రీధర్ రూపంలో వచ్చింది.

శ్రీధర్‌ది వరంగల్, ఇరవయ్యెనిమిదేళ్లు. పునాది లెక్కలు చేసే కంప్యూటర్ ప్రోగ్రామ్ రాయడానికి కంపెనీవాళ్లు తీసుకున్నారు. దత్తాత్రేయ రెండు రోజులు కూర్చుని చేసే లెక్కని ఆ ప్రోగ్రామ్ అరగంటలో మడతల కాగితం మీద అచ్చు కొట్టి ఇచ్చేది. మట్టి తాకని చేతులకి పునాది ఏం తెలుస్తుందని దత్తాత్రేయ గొణిగేవాడు. అయినా శ్రీధర్ అడిగితే మట్టి పేనడం నేర్పాడు. మరుసటేడు డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలో, అక్కడ ఇంకా పత్తిచేలే ఎక్కువగా ఉన్న రోజుల్లో, తను కట్టుకున్న ఇంటి పునాదికి కూడా మేనేజర్ మాట కాదనలేక ఆ ప్రోగ్రామ్ లెక్కనే ఒప్పుకున్నాడు.

1984 ఆగస్టులో ఆ ఇంటి వంటగది తలుపు పట్టేసింది. పక్క మూల గోడ చిటికెనవేలు దూరేంత పగిలింది.

ఇల్లు కట్టి చూడమన్న పెద్దలు, అది పగిలితే సంతోషించేవాడు కూడా ఉంటాడని చెప్పలేదు. దత్తాత్రేయకి లోలోపల ఒక చెడ్డ సంతోషం కలిగింది. ఎందుకంటే ఆ వారమే మేనేజర్ ఆయన్ని పిలిచి, ఇకమీదట ఇళ్లన్నిటికీ ఈ ప్రోగ్రామే వాడాలా, మానెయ్యాలా, సోమవారానికల్లా రాసివ్వమన్నాడు. దత్తాత్రేయ ఏది రాస్తే అదే ఖాయం. వద్దంటే శ్రీధర్‌కి ఆ కంపెనీలో పనిలేదు, గ్రీన్‌కార్డ్ కాగితాలు సగంలో ఆగిపోతాయి.

వద్దనే రాశాడు. ఉత్తరం జేబులో పెట్టుకున్నాక మాత్రం చాటున పొడిచినట్టు ఉండకూడదని, శనివారం పొద్దున శ్రీధర్‌ని ఇంటికి రమ్మన్నాడు.

శ్రీధర్ పగులు చూశాడు, తలుపు లాగి చూశాడు, మొహం పాలిపోయింది. దత్తాత్రేయ భార్య అన్నపూర్ణ కాఫీ ఇచ్చింది.

"పెళ్లయి ఇరవయ్యేళ్లయింది. ఈయన లెక్క తప్పడం ఇప్పుడే చూస్తున్నాను శ్రీధర్."

"నా లెక్క కాదది," అన్నాడు దత్తాత్రేయ.

శ్రీధర్ కప్పు కింద పెట్టాడు. "ఇంటి చుట్టూ ఒకసారి తిరిగొస్త సార్."

ముగ్గురూ బయటికి వచ్చారు. ముందువైపు నేల ఎండి, చెయ్యి దూరేంత బీటలు తీసింది. వెనకవైపు వంటగది గోడని ఆనుకుని నడుమెత్తు గోంగూర. అన్నపూర్ణ తమ్ముడు కవర్‌లో పెట్టి పంపిన విత్తనం. శ్రీధర్ వంగి, మొక్కల మొదట్లో మట్టి తీసి అరచేతుల మధ్య పేనాడు. దారం సన్నగా జానెడు సాగింది, తెగలేదు.

"రోజూ నీళ్లు పెడతరా అక్కా?"

"పెట్టకపోతే ఈ ఎండకి ఆకు మిగులుతుందా? పొద్దున గంట, సాయంత్రం గంట."

ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ఒక పక్క నేల ఎండి కుంగింది, ఇంకో పక్క నీళ్లు తాగి ఉబ్బింది. మధ్యన ఇల్లు మెలితిరిగింది.

"ఇంటి చుట్టూ తడి ఒక్క తీరే ఉంటదని అనుకొని రాసిన సార్," అన్నాడు శ్రీధర్. "గోడ పక్కన ఏం పెంచుతరో అడగలే. తప్పు నాదే."

దత్తాత్రేయ డల్లాస్ చుట్టుపక్కలంతా తిరిగి వేల గజాల మట్టి రుచి చూశాడు. తన వంటగది గోడ కింద మట్టిని రెండేళ్లలో ఒక్కసారైనా ముట్టుకోలేదు. అది అన్నపూర్ణ తోట, ఆఫీసు పని కాదు. ఇక్కడి నేలలో పులుపు బాగా దిగిందని మెచ్చుకుంటూ ప్రతి ఆదివారం ఆ పచ్చడి అన్నంలో కలుపుకుని తిన్నాడు.

"పచ్చడి తిన్నవాణ్ణి నేను," అన్నాడు చివరికి. "అడగాల్సింది నేనే."

ఆదివారం కంచె పక్కన కొత్త మడి తవ్వి, గోంగూరని అక్కడికి మార్చాడు. మట్టి చేతులు కడుక్కుని, జేబులో ఉత్తరం చింపి, ఇంకోటి రాశాడు. ప్రోగ్రామ్ ఉండాలన్నాడు. అయితే లెక్కకి ముందు ఒక మనిషి వెళ్లి మట్టి ముట్టుకోవాలి, గోడల వెంట ఏం పెంచుతారో, ఎంత తడుపుతారో కట్టుకునేవాళ్లని అడగాలి. రుజువుగా తన ఇంటినే చూపాడు, తన తప్పు కూడా దాచకుండా.

సోమవారం మేనేజర్ అది చదివి, గోంగూర అంటే ఏమిటని మాత్రం అడిగి, సరే అన్నాడు.

ఆ మధ్యాహ్నం శ్రీధర్ ప్రోగ్రామ్‌లో గోడ పక్కన తోట కోసం ఒక కొత్త గడి పెట్టాడు. స్క్రీన్ మీద అది ఖాళీగా ఆగి ఉంది.

"రేపటి ఇంటి లెక్కకు ఇందుల ఏం నింపాలె సార్?"

దత్తాత్రేయ కారు తాళాలు తీసుకున్నాడు.

"ఇక్కడ కూర్చుంటే ఎలా తెలుస్తుంది? పద."