ప్రేమ్‌రాజ్ మాయలోకాలు, చక్కెర లేని చాయ్

ప్రేమ్‌రాజ్‌కి ఉన్న పిచ్చి ఒకటే. మాయలోకం ఏ రకమైతే, ఆడేవాళ్ల ఒళ్లూ ఆ రకంగానే ఉండాలంటాడు.

ఆయన కరెంటు ఆఫీసులో గుమాస్తా. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం ఉప్పుగూడలో తన మేడమీది గదిలో రోల్‌ప్లే ఆట ఆడిస్తాడు. కథ ఆయన చెబుతాడు, వచ్చినవాళ్లు తలా ఒక పాత్ర అయిపోతారు, కత్తి తగిలిందో తప్పిందో పాచిక తేలుస్తుంది.

వీరగాథ అయితే మిర్చి బజ్జీలు, అందరూ నిటారుగా కూర్చోవాలి. మాట్లాడే కుందేళ్ల కథకు జిలేబీ, మెత్తటి దిండ్లు. చీకటి కథ అయితే ఫ్యాన్ బంద్, కిటికీలు బంద్, చక్కెర లేని చాయ్.

బహదూర్‌పురాలో కళ్లద్దాల దుకాణంలో పనిచేసే మాహిరా ఒకసారి మొత్తుకుంది.

“ప్రేమ్ భాయ్, చెమటలు కారుతున్నయ్. జర ఫ్యాన్ వెయ్యరాదు?”

“శాపం తగిలిన రాజ్యంల ఫ్యాన్ ఏడికెల్లి వస్తదమ్మా?”

“మరి చాయ్ ఏడికెల్లి వచ్చింది?”

ప్రేమ్‌రాజ్ ఆమె గ్లాసులోకి తొంగిచూశాడు. “అది చాయ్ కాదు. కషాయం.”

“ఇంట్ల గూడ గిదే లొల్లి,” అంది ఆయన భార్య భాగ్యశ్రీ. “సొరకాయ కూర వడ్డిస్తే, ఇది చీకటి కథనే అంటడు.”

ఎంత సణిగినా మాహిరాకు చీకటి కథలంటేనే ప్రాణం. వీరగాథలో పడ్డవాడు లేస్తాడు. కుందేళ్ల కథలో అసలు పడనే పడడు. చీకటి కథలో పడితే ఖతం. అందుకే అక్కడ తలుపు తెరవాలన్నా గుండె దడదడలాడుతుంది.

ఆ ఆదివారం చీకటి కథే. బస్సు డ్రైవర్ ఎల్లేష్ ఆడే ముసలి సిపాయి కోట గుమ్మం దగ్గర పిశాచికి ఎదురు నిలిచాడు. పాచిక వేస్తే ఒకటి పడింది.

“ఖతం! ఎల్లేష్ అన్న సిపాయి గయా!” అని మాహిరా చప్పట్లు కొట్టింది.

ఎల్లేష్ పాచిక వంకే చూస్తూ ఉండిపోయాడు. ప్రేమ్‌రాజ్ చటుక్కున లేచి ఫ్యాన్ వేశాడు, కిటికీలు తెరిచాడు.

“భాగ్యా, జిలేబీ తెప్పియ్! కథ మారింది. పిశాచికి జలుబు చేసింది. అది తుమ్మిన జోరుకు సిపాయి ఎగిరిపోయి గడ్డివాముల పడ్డడు. సలామత్‌గ ఉన్నడు.”

“గిదేం ఇన్సాఫ్, గిదేం న్యాయం భాయ్? పోయినసారి నా మంత్రగత్తెను బొందపెట్టినవ్ గద!”

“ఆమె టైమ్ బాగలేకుండె.”

మాహిరా రుసరుసలాడుతూ వంటింట్లోకి వెళ్లింది. భాగ్యశ్రీ గొంతు తగ్గించింది.

“రేపు ఎల్లేష్ వాళ్ల బాపుకు గుండె ఆపరేషన్. ఎవ్వరికీ చెప్పొద్దన్నడు. ఫికర్ మరుస్తనని ఈ కథ అడిగింది గూడ ఎల్లేషే. కానీ ఆ సిపాయికి బాపు పేరే పెట్టుకున్నడు, కృష్ణయ్య అని.”

“అయ్యో! నాకు తెల్వదు భాబీ.”

“నీ మంగ్నీ ఆగిపోయి పెండ్లి తప్పినప్పుడు, మీ ప్రేమ్ భాయ్ వానకాలమంత కుందేళ్లనే నడిపిచ్చిండు. యాదికుందా?”

యాదికుంది. కుందేళ్లతో విసిగిపోయానని ఊరంతా చాటింది మాహిరానే. ఆ జిలేబీలన్నీ తిన్నదీ ఆమే.

గదిలోకి తిరిగొచ్చి పాచిక అందుకుంది. “సరే భాయ్. నా కొత్త మంత్రగత్తె ఆ పిశాచికి జోషాందా కాచి తాగిస్తది. జలుబు తగ్గాలె గద.”

ఎల్లేష్ అప్పుడు నవ్వాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మెట్లెక్కే ఓపిక వచ్చాక కృష్ణయ్య స్వయంగా ఆటకు వచ్చాడు. ప్రేమ్‌రాజ్ ఆయన వీపుకు దిండు పెట్టి, కుందేళ్ల పెళ్లి కథ మొదలుపెట్టాడు. ముసలాయన కాసేపు ఓపిక పట్టాడు.

“ఏంది బిడ్డా ఇది? సిపాయివి అయితవు, కొట్లాడుతవు అని చెప్పి తీస్కొచ్చిండు మావోడు!”

“బాపూ, డాక్టర్ జర పైలంగ ఉండమన్నడు గద…”

“డాక్టర్ ఉప్పు వద్దన్నడు. పిశాచిని వద్దనలే.”