శనివారం తప్పుల పుస్తకం

మా ఖమ్రున్నీసా మేడం గురించి ఎవరైనా "ఆమెకేం, లైబ్రరీలో కూర్చునే ఉద్యోగం" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆమె కుర్చీలో కూర్చోగా చూసింది తక్కువ. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళు దాటి నాలుగడుగులు వేస్తే వస్తుంది మా లైబ్రరీ. ఒక బట్టల వ్యాపారి రాసిచ్చిన ఆస్తితో నడిచే ట్రస్టు లైబ్రరీ అది. జమ్మలమడుగులో ఒకటి, పులివెందులలో ఒకటి చిన్న శాఖలున్నాయి. ఆ శాఖల్లో ఒక్కొక్కరు, ప్రొద్దుటూరులో ముగ్గురం, అంతా కలిపి ఐదుగురం. మా ఐదుగురిలో పెద్దామె మేడం. ఇరవై ఆరేళ్ళు పనిచేసి పోయిన ఏడాది రిటైరయ్యారు.

గురువారం జమ్మలమడుగు, నెలకు రెండు మంగళవారాలు పులివెందుల. నల్ల బురఖా, చేతిలో గుడ్డసంచి, ఆర్టీసీ బస్సు. పోయినచోట ముందు రిజిస్టర్లు అడిగేవారు కాదు. "తిన్న్యావా? ఫ్యాను తిరుగుతాందా? ఇంట్లో అందరూ బాగుండారా?" ఇవయ్యాకే రిజిస్టర్లు. అవి తెరిచాక మాత్రం దయాదాక్షిణ్యం ఉండేది కాదు. "ఏందప్పా ఈ కొట్టివేతలు? కోడి గెలికినట్టుండాది" అని నన్నే ఎన్నిసార్లు అన్నారో.

ఆ రోజుల్లో నేను అక్కడ అసిస్టెంటుని. నా పేరు భార్గవ్. ఏడాదికొకసారి కాంట్రాక్టు పొడిగించే ఉద్యోగం నాది. నేను కాక కృష్ణమ్మ అనే అటెండరు ఉండేది. ఆమె భర్త అదే లైబ్రరీలో వాచ్‌మన్‌గా చేస్తూ చనిపోతే, ఆ ఉద్యోగం బదులు ఈమెను తీసుకున్నారు. చదువు రాదు. అయినా ఏ రోజు పేపరు ఎవరు ఎత్తుకుపోయారో, ఏ కుర్రాడు పుస్తకంలో పేజీ చించాడో కూర్చున్నచోటి నుంచే చెప్పేది.

ఇక తప్పుల పుస్తకం సంగతి. శనివారం సాయంత్రం నాలుగింటికి వెనక గదిలో ముగ్గురం చేరేవాళ్ళం. అట్ట మీద ఏమీ రాయని పొడుగు నోటుబుక్కు ఒకటి మేడం బల్ల మీద పెట్టేవారు. ఆ వారంలో ఎవరు చేసిన తప్పు వాళ్ళు అందులో రాసి సంతకం చేయాలి. దానికి రెండే నియమాలు. మొదట మేడమే రాస్తారు. రాసిన తప్పుకు తిట్టు ఉండదు. రాయకుండా దాచింది బయటపడితే మాత్రం ఆ మనిషి పని అయిపోయినట్టే.

చేరిన కొత్తలో నాకు నవ్వొచ్చింది. "మనమేమన్నా బళ్ళో పిల్లకాయలమా మేడం?" అన్నాను.

"పిల్లకాయలైతే ఏడ్చయినా చెప్తారప్పా. మూతి బిగించుకునేది మనమే" అన్నారు.

కృష్ణమ్మ తన తప్పు నోటితో చెప్పేది, నేను రాసేవాణ్ణి, కింద ఆమె వేలిముద్ర వేసేది. "బల్ల తుడిచేటప్పుడు ఒకాయన కండ్లద్దాలు కింద పడినాయి. నేనే పడేసినా. పిల్లి పడేసిందని చెప్పినా. రెండూ రాయి" అని ఒకసారి రాయించింది. మేడం నవ్వాపుకోలేక బయటికి పోయారు.

చిరిగిన పుస్తకాలకు మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఇక పనికిరావనుకున్నవి తెల్లదారంతో కట్టాలి, అవి పాతపేపర్ల బండికి పోతాయి. బాగుచేయించాల్సినవి ఎర్రదారంతో కట్టాలి, అవి బైండింగ్ చేసే షఫీ దగ్గరికి పోతాయి. చీటీ చదవలేని కృష్ణమ్మ ఎవర్నీ అడక్కుండా తన పని తాను చేసుకోవాలని మేడం పెట్టిన పద్ధతి ఇది. పన్నెండేళ్ళలో కృష్ణమ్మ ఒక్క కట్ట కూడా తప్పు చేతికి ఇవ్వలేదు.

2018 ఆగస్టులో ఒక సోమవారం ఎర్రదారం అయిపోయింది. కృష్ణమ్మ మేడంతో చెప్పింది. సరే తెప్పిద్దామన్నారు. ఆ సాయంత్రమే పులివెందుల శాఖ చూసే మసరత్ ఫోన్ చేసింది. భర్త కువైట్‌లో ఉన్నాడు, బిడ్డకు డెంగీ జ్వరం. సెలవడగడానికి ఆ అమ్మాయికి నోరు రావడం లేదు. తను రాకపోతే అక్కడ తలుపు తీసే దిక్కు లేదు, పరీక్షలకు చదువుకునేవాళ్ళంతా వీధిలో నిలబడాలి.

"నువ్వు బిడ్డ దగ్గర ఉండు. తాళాలు పక్కింట్లో ఇచ్చిపో" అని ఫోన్ పెట్టేశారు మేడం. మర్నాడు మొదటి బస్సుకు పోయి మూడు రోజులు ఆ కౌంటరులో తానే కూర్చున్నారు. చక్రాయపేట నుంచి చదువుకోడానికి వచ్చే అమ్మాయి ఒకతె "కొత్తగా చేరినారా మేడం?" అనడిగితే "అవునుమా, ఈ పొద్దే" అన్నారట. ఆ హడావిడిలో ఎర్రదారం మాట మరిచిపోయారు.

బుధవారం నేను బైండింగుకు పంపాల్సిన పుస్తకాలు ఇరవై రెండు తీసి పెట్టాను. ఎర్రదారం కోసం వెతికాను, లేదు. బజారుకు పోతే ఐదు నిమిషాల పని. బయట ఎండ చూసి బద్ధకించి, తెల్లదారంతోనే కట్టి, "బైండింగుకు" అని చీటీ రాసి పైన పెట్టి భోజనానికి పోయాను. చదవడం రాని మనిషికి చీటీ రాసిపెట్టిన మహానుభావుణ్ణి నేను. తిరిగొచ్చేసరికి పాతపేపర్ల బండి వచ్చి పోయింది. కట్ట లేదు. నేను ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం ట్రస్టు కార్యదర్శి విశ్వేశ్వరయ్య గారు వచ్చారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. పోయిన ఆ ఇరవై రెండూ ఆయన తండ్రి లైబ్రరీకి ఇచ్చిన పుస్తకాలు, పక్కన మార్జిన్లలో ఆ పెద్దాయన చేతిరాత ఉండేది. తండ్రి రాసుకున్న ఒక పద్యార్థం చూసుకుందామని వచ్చారు పాపం. అల్మరా ఖాళీగా ఉంది. కట్ట పాతపేపర్ల బండికి ఇచ్చానని కృష్ణమ్మ చెప్పింది.

అప్పుడే పులివెందుల నుంచి దిగిన మేడం సంచి కూడా దించకుండా మమ్మల్ని వెంటపెట్టుకుని పాతపేపర్ల గోడౌన్‌కు పోయారు. ఆ దుమ్ములో పొద్దు గూకేదాకా గుట్టలు తిరగేశాం. నాలుగు దొరికాయి. మిగతావి పొద్దున్నే లారీలో పోయాయన్నారు. ఆ నాలుగింటినీ ఒళ్ళో పెట్టుకుని విశ్వేశ్వరయ్య గారు పేజీ పేజీ తిప్పి తండ్రి రాత వెతుక్కున్నారు. కట్ట కట్టింది నేనేనని అప్పుడూ చెప్పలేదు.

మర్నాడు శనివారం. మేడం మొదట రాశారు. "ఎర్రదారం లేదని కృష్ణమ్మ సోమవారమే చెప్పింది. నేను తెప్పించలేదు." పుస్తకం నా వైపు జరిపారు. నా కాంట్రాక్టు ఆ నెలాఖరుకు అయిపోతుంది. పొడిగించమని సంతకం చేయాల్సింది విశ్వేశ్వరయ్య గారు. అది గుర్తొచ్చి ఇలా రాశాను. "బుధవారం పది నిమిషాలు ఆలస్యంగా వచ్చాను." ఇప్పుడు తలుచుకున్నా నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

తర్వాత కృష్ణమ్మ వంతు. నా పక్కన కూర్చుని అంది. "రాయప్పా. బండోనికి కట్ట ఇచ్చింది నేను. సార్ వాళ్ళ నాయన పుస్తకాలు పోగొట్టింది నేను. తప్పు నాది."

రాశాను. నా తప్పును ఆమె పేరుతో నా చేతులతోనే రాశాను. ఆమె వేలు ఇంకుప్యాడ్ మీద అద్ది కింద ముద్ర వేసింది.

సోమవారం ఉదయం విశ్వేశ్వరయ్య గారు ఆ పుస్తకం తెప్పించుకుని చదివారు. కృష్ణమ్మను ఉద్యోగంలోంచి తీసేస్తూ కాగితం టైపు చేయించుకొచ్చి మేడం ముందు పెట్టారు. మధ్యాహ్నం కమిటీ కూర్చునేలోగా దాని మీద మేడం సంతకం కావాలి.

"ఆమే ఒప్పుకుంది గదమ్మా. వేలిముద్ర కూడా ఉండాది. ఇంక విచారణ దేనికి?" అన్నారాయన.

"మధ్యాహ్నం దాకా టైమియ్యండి సార్. సంతకమో రిపోర్టో ఏదో ఒకటి ఇస్తా" అన్నారు మేడం.

ఆయన పోయాక మేడం నన్ను వెనక గదిలోకి పిలిచారు. తప్పుల పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టారు. గుడ్డసంచిలోంచి ఒక చీటీ తీసి, శనివారం పేజీ మీద పెట్టారు. మట్టి అంటిన చీటీ. "బైండింగుకు" అని నా చేతిరాత. దొరికిన నాలుగు పుస్తకాల్లో ఒకదాంట్లో ఇరుక్కుని ఉందట. అంటే శుక్రవారం నుంచే ఆమెకు తెలుసు. తెలిసే, నేను పది నిమిషాల ఆలస్యం రాస్తుంటే ఎదురుగా కూర్చుని చూశారు. నా తల తీసేసినట్టయింది.

ఆమె "నమాజుకు టైమైంది. చదువుకొనొస్తా" అని పెన్ను అక్కడ పెట్టి పోయారు.

ఆమె తిరిగొచ్చేసరికి నేను రాశాను. అన్నీ రాశాను, ఎండకు బద్ధకించింది కూడా. మేడం నిలబడే చదివి, పుస్తకం మూసి చంకలో పెట్టుకుని కమిటీ గదిలోకి నడిచారు. నన్నూ రమ్మన్నారు.

రిపోర్టు మూడే వాక్యాలు. దారం తెప్పించకపోవడం లైబ్రేరియన్ తప్పు. తెల్లదారంతో కట్టి చీటీ పెట్టడం అసిస్టెంటు తప్పు. దారం రంగు చూసి కట్ట ఇవ్వడం అటెండరు పని, ఆ పని ఆమె సరిగ్గా చేసింది.

విశ్వేశ్వరయ్య గారి ముఖం జేవురించింది. "మరి ఆమె రాయించినదేంది?"

"ఆమె మంచితనం సార్ అది. తప్పు గాదు" అన్నారు మేడం. తర్వాత గొంతు కాస్త పెరిగింది. "ఇంగొక మాట. ఈ పుస్తకంలో రాసిందానికి మీరు శిక్ష వేసినారంటే రేపట్నుంచి ఈడ ఎవురూ ఏమీ రాయరు. అప్పుడు మీకు పోయిన పుస్తకాలే తెలుస్తాయి. యాడ పోయినాయో, ఎట్ల పోయినాయో జన్మకు తెలీదు. కృష్ణమ్మక్కను తీసే కాగితం మింద నేను సంతకం పెట్టను. పెట్టల్సిందే అంటే ముందు నా కాగితం టైపు చేయించండి."

విశ్వేశ్వరయ్య గారు నా వైపు తిరిగి "నువ్వే కట్టినావా?" అన్నారు. "నేనే సార్" అన్నాను. ఆయన టైపు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. కృష్ణమ్మ ఉద్యోగం నిలిచింది. మేడంకు, నాకు చెరొక మెమో ఇచ్చారు. నా కాంట్రాక్టు మేడం పూచీ మీద ఆరునెలలకే పొడిగించారు. అన్నేళ్ళ సర్వీసులో మేడంకు అదే మొదటి మెమో. దాన్ని తీసుకొచ్చి తప్పుల పుస్తకంలో ఆ శనివారం పేజీ పక్కన అతికించారు.

ఆ సాయంత్రం నా తిట్లు నాకు పడ్డాయి. దాచిన తప్పు కదా! అరగంట. సగం తెలుగు, సగం ఉర్దూ. ఉర్దూ నాకు అర్థం కాదనుకున్నారేమో కానీ బాగానే అర్థమైంది. ఆఖర్న "ఏమన్నా తిన్న్యావా?" అనడిగారు.

నేను పోయి కృష్ణమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. క్షమించమని అడగబోతే ఆపేసింది.

"నాకు తెలుసులేప్పా. నీ ముడి నాకు తెలీదా? అందరూ ఒక ముడేస్తే నువ్వు బూట్ల ముడేస్తావు."

"తెలిసి ఎందుకు రాయించినావత్తా?"

"నిన్ను తీసేస్తే మేడమ్మ ఒంటిగా అయిపోతాది. మూడూర్లు తిరగల్ల, పుస్తకాలు చూడల్ల. నేను పోతే ఊడ్చే మనిషి యాడైనా దొరుకుతాది. నువ్వు శానా కష్టపడి నేర్చుకుంటివి" అంది. అదేదో మామూలు లెక్క అన్నట్టు చెప్పి చీపురు తీసుకుంది. నేను మేడంను కాపాడే మనిషినట! ఏడుపు ఆగలేదు.

తర్వాత నేను తప్పేదీ చేయలేదని గొప్ప చెప్పుకోను. తప్పులు చాలా చేశాను. అన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి.

పోయిన ఏడాది మేడం రిటైరైన రోజు సన్మానంలో విశ్వేశ్వరయ్య గారే శాలువా కప్పారు. దొరికిన ఆ నాలుగు పుస్తకాలను అంతకుముందే మళ్ళీ లైబ్రరీకి ఇచ్చేశారాయన. "ఈమె చేతుల్లో ఉంటేనే భద్రం అనుకున్యా. ఇప్పుడు ఈమె పోతాంది, ఏం జేయల్లో" అని మైకులో అంటే అందరూ నవ్వారు, ఆయన నవ్వలేదు. మేడం నా చేతికి ఒక కొత్త పొడుగు నోటుబుక్కు, ఒక ఎర్రదారం ఉండ ఇచ్చారు. నన్ను జమ్మలమడుగు శాఖకు లైబ్రేరియన్‌గా వేశారు.

అక్కడ నా కింద సుమయ్యా అనే అమ్మాయి కొత్తగా చేరింది. మొదటి వారమే ఒకరి కార్డు మీద ఇంకొకరికి పుస్తకం ఇచ్చేసి బెదిరిపోయి ఉంది. శనివారం నాలుగింటికి ఆమెను పిలిచి కొత్త పుస్తకం బల్ల మీద పెట్టాను. నియమాలు చెప్పాను. ఆమె పెన్ను అందుకుంది. నేను పుస్తకం నా వైపు లాక్కున్నాను. కొత్త మనిషికి కార్డులు చూసే పద్ధతి నేర్పకుండా కౌంటరులో కూర్చోబెట్టాను అని రాసి, సంతకం చేసి, అప్పుడు ఆమెకు ఇచ్చాను.

ఆ సాయంత్రం మేడం ఫోన్ చేశారు. పుస్తకాలెన్ని, పాఠకులెందరు అని ఏమీ అడగలేదు.

"ముందు ఎవురు రాసినారప్పా?"

"నేనే మేడం."

"సరే, పోయి అన్నం తిను" అన్నారు.