గునుగు పూసిన నాడు

లింబాద్రితో మాటవరసకు కూడా ఏదీ అనకూడదు. అంటే వెంటనే పని మొదలుపెడతాడు. ఈ సంగతి బహ్రెయిన్‌లోని మా లేబర్ క్యాంపులో అందరికీ తెలుసు. అతని భార్యకు ఇంకా బాగా తెలుసు, కానీ కోపంలో ఒక్కసారి మరిచిపోయింది.

అతను టైల్స్ మేస్త్రీ. మా ఇద్దరిదీ ఆర్మూర్ పక్కన ఒకే ఊరు. అతని భార్య ముత్తెమ్మ నాకు వరుసకు చెల్లెలు, కాబట్టి లింబాద్రి నాకు బావ. బావను తిట్టే హక్కు నాకుంది, దాన్ని నేను ఏ రోజూ వృథా చేయలేదు. ముత్తెమ్మ కూడా బహ్రెయిన్‌లోనే, ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక ఇంట్లో వంటపని చేస్తుంది. మొగుడూ పెళ్లాలు ఒకే దేశంలో ఉంటారు. కలిసేది మాత్రం శుక్రవారం, ఆ ఇంటి గేటు దగ్గర, కాసేపు.

ఆ ఏడు దసరాకు లీవు వంతు లింబాద్రిది. బతుకమ్మకు ఊరికి తీసుకుపోతానని పెళ్లానికి మాటిచ్చాడు. ఆమె తన మేడమ్‌ను నెలల తరబడి బతిమాలి ఒప్పించుకుంది, కొత్త సూట్‌కేసు కొనుక్కుంది. సరిగ్గా అప్పుడే మా ఇంటిదానికి కడుపులో గడ్డ అన్నారు, ఆపరేషన్ అన్నారు. లింబాద్రి నన్ను అడగలేదు, పెళ్లాన్నీ అడగలేదు. ఆఫీసుకు పోయి తన లీవును నా పేర రాయించి వచ్చాడు.

"పో బావా. నాదేమున్నది, మల్ల వంతొచ్చినప్పుడు పోత" అన్నాడు.

తనదేమున్నదో ముత్తెమ్మ ఫోన్లో చెప్పింది. స్పీకర్ పెట్టకపోయినా రూమంతా వినబడింది.

"మా అన్నకు ఆపదొచ్చింది, లీవిచ్చినవ్, మంచిగనే జేసినవ్. నాకొక్క మాట జెప్పినవా? నేను మనిషిని గానా? ఇగ ఈ ఎడారిల గునుగు పూసిన్నాడు మాట్లాడు నాతోని!"

ఖలాస్. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. శుక్రవారం గేటు దగ్గరికి పోతే కూర డబ్బా చేతికిచ్చేది, ఖాళీ డబ్బా తీసుకునేది, నోరు విప్పేది కాదు. కూరలో ఉప్పూ కారం మాత్రం ఎన్నడూ తగ్గలేదు.

వేరేవాడైతే కాళ్లు పట్టుకునేవాడు. లింబాద్రి ముహర్రక్ ఎయిర్‌పోర్టులో నన్ను సాగనంపుతూ ఒక్కటే అడిగాడు.

"బావా, వచ్చేటప్పుడు గునుగు ఇత్తులు తే."

గునుగు మా ఊళ్లో కలుపు. పసుపు చేలో లేస్తుంది, పీకి గట్టున పారేస్తాం. బతుకమ్మ వచ్చిన తొమ్మిది రోజులే దానికి మర్యాద. ఆ తెల్లని కుచ్చులు కోసుకొచ్చి, రంగులద్ది, బతుకమ్మ పేరుస్తారు. ఆపరేషన్ అయ్యి లేచి కూర్చున్న మా ఇంటిది, నేను కలుపు విత్తనాలు మూటగట్టడం చూసి, "మత్తుసూది నాకిచ్చిండ్రా, నీకిచ్చిండ్రా?" అంది.

లింబాద్రి ఆ విత్తనాలను మృగశిర కార్తె దాకా దాచాడు. "గునుగు మిరుగం వానకే మొలుస్తది" అన్నాడు. మృగశిర అంటే జూన్. జూన్‌లో ఇక్కడ ఇనుప కడ్డీ ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కుతుంది, వాన మాట దేవుడెరుగు. వద్దురా నాయనా అన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. క్యాంపు బయట చల్లినవన్నీ మొలిచినట్టే మొలిచి మాడిపోయాయి. మిగిలిన విత్తనాలను పెయింటు బకెట్లలో చల్లి రూంలోకి తెచ్చాడు.

ఇల్లు ఇరకటం, ఆలు మరకటం అంటారు. మా రూంలో ఇరకటం ముందే ఉంది, ఆలి లోటు గునుగు తీర్చింది. ఏ మంచం దిగినా బకెట్‌లో కాలు. సగంమందికి పగటి డ్యూటీ, సగంమందికి రాత్రి డ్యూటీ, అందుకని మా ట్యూబ్‌లైటు ఎప్పుడూ ఆరదు. ఆ వెలుగుకు, ఏసీ చల్లదనానికి మొక్కలు పై మంచం దాకా పెరిగాయి. అన్నీ ఆకులే. పువ్వు లేదు. బతుకమ్మ పండుగ వచ్చింది, పోయింది. ఆ తొమ్మిది రోజులూ లింబాద్రి సరిగ్గా అన్నం తినలేదు, ప్రతి మొక్క కొసనూ వేలితో విప్పి చూసేవాడు. అది నేను చూడలేకపోయేవాణ్ణి. అందుకని ఇంకా గట్టిగా తిట్టేవాణ్ణి.

అక్టోబర్‌లో గాలి మారింది. నా తలకాడ ఒక బకెట్ ఉండేది. ఓ నాడు నిద్రలో ఆకు ముక్కులో దూరింది.

"ఇది బయటికి వోతదా, నన్ను పొమ్మంటవా?" అని లేచాను.

లింబాద్రి దాన్ని ఎత్తుకెళ్లి నీళ్ల ట్యాంకు వెనక పెట్టాడు. అక్కడ ఏ లైటూ పడదు.

కొన్నాళ్లకు బట్టలుతకడానికి అటు పోయి చూద్దును కదా, ఆ మొక్క కొసన కుచ్చు! నేనే అరిచాను. లింబాద్రి ఉరికొచ్చి దాని ముందు చతికిలబడ్డాడు.

"బావా, చేన్ల రాత్రిపూట ఎవడన్న లైటు వెడ్తడా? దాన్ని పండుకోనిస్తెనే గద పూసేది!"

బకెట్లన్నీ ఆ పూటే బయటికి వెళ్లాయి.

చాటున, ట్యాంకు వెనక, వరసగా బకెట్లు, గుబురుగా మొక్కలు. క్యాంపు ఇన్‌ఛార్జి చూడగానే ఏమనుకుంటాడు? గంజాయి అనుకున్నాడు. పోలీసులను పిలుస్తానని హిందీలో కేకలు. ఈ దేశంలో ఆ మాట వేళాకోళం కాదు. లింబాద్రి గుప్పెడు ఆకు తెంపి నోట్లో వేసుకున్నాడు, నమిలి మింగాడు.

"భాజీ హై సాబ్" అన్నాడు.

అది నిజమే, మా ఊళ్లో లేత గునుగాకు కూర వండుకుంటారు. ఇన్‌ఛార్జి అతన్ని ఎగాదిగా చూస్తూ నిలబడ్డాడు. మత్తెక్కుతుందేమోనని కాబోలు, చాలాసేపే నిలబడ్డాడు. లింబాద్రి ఇంకో గుప్పెడు తెంపాడు. "బస్, బస్" అనుకుంటూ ఆయన వెళ్లిపోయాడు.

నవంబర్‌లో అన్నీ పూశాయి. పండుగ అయిపోయింది కానీ, ముత్తెమ్మ పెట్టిన షరతులో తేదీ లేదు. శుక్రవారం బస్సులో చెరో బకెట్ ఒళ్లో పెట్టుకుని పోయాం. జనం మమ్మల్ని చూశారు, మేం కిటికీలోంచి చూశాం.

ముత్తెమ్మ డబ్బా పట్టుకుని గేటు తీసింది. బకెట్లను చూసి డబ్బాను గోడ మీద పెట్టింది. ఒక కుచ్చును చెంపకు ఆనించుకుంది. ఆమె కళ్లు నిండాయి. నాకూ నిండాయి, చెప్పడానికి సిగ్గేమిటి? లింబాద్రి మాత్రం పని అప్పజెప్పే మేస్త్రీలాగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పూసింది. ఇగ మాట్లాడొచ్చునా?" అన్నాడు.

ఆమె కళ్లు తుడుచుకుంది. మొక్కలను చూసింది, మొగుణ్ణి చూసింది.

"తంగేడేది?" అంది.

తంగేడు పువ్వు లేనిదే బతుకమ్మ పేర్చరు, నిజమే. లింబాద్రి మెల్లగా నా వైపు తిరిగాడు. ఆ చూపు నాకు తెలుసు, విత్తనాలు తెమ్మనే చూపు. తంగేడు నిలువెత్తు పొద. నాకున్నది ఒక్క మంచం.

"చాలు తీ బావా! తంగేడు బకెట్ల వెరగది, ఊళ్లె గుట్టకున్నది. మల్లొచ్చే దసరా లీవు నా వంతు, అది మీకిస్తున్న. చెల్లే, ఈసారి ముందుగాల నీకే చెప్తున్న. ఈయనను తోల్కపోయి ఆడనే తెంపుకో" అన్నాను.

ముత్తెమ్మ ఏడుస్తూనే నవ్వింది. తర్వాత వాళ్లిద్దరూ గేటు పక్కన కూర్చుని మాట్లాడుకున్నారు, అంటే ఆమె తిట్టింది, అతను విన్నాడు. నేను కాస్త అవతల నిలబడి డబ్బాలో కూర తిన్నాను.

తిరుగు బస్సులో లింబాద్రి ముదురు కుచ్చు ఒకటి అరచేతిలో నలిపి నల్లని విత్తనాలు రాల్చాడు.

"బావా, ఈ ఇత్తులు మిరుగానికి మల్ల జల్లుత. దసరాకు నేనీడ ఉండ గద. గాలి సల్లవడంగనే బకెట్లు నువ్వే బయట వెట్టాలె. మర్సిపోవు గద?"

బూతుమాట ఒకటి నోటిదాకా వచ్చింది.

"వెడ్తలే" అన్నాను.