బౌకిస్‌గా కూర్చున్న లీవినా

ఆంట్వెర్ప్ ఊరి చేపల బజారులో లీవినా నోటికి జడవనివాళ్లు లేరు. ఉప్పు చేపలు అమ్ముకుంటూ, పెళ్లి మాటే లేకుండా అరవై దాటింది. ఆమె మొహంలోని ముడతలు చూసి ముచ్చటపడ్డవాడు చెక్కడపు పనివాడు యోరిస్ ఒక్కడే.

అతనప్పుడు కాగితాల మీద అచ్చువేయడానికి రాగిరేకు మీద రోమన్ల పాతకథ ఒకటి చెక్కుతున్నాడు. మారువేషంలో వచ్చిన దేవుళ్లకు ఊరంతా తలుపులు మూసేస్తుంది. బౌకిస్, ఫిలేమోన్ అనే ముసలి దంపతులు మాత్రం లోపలికి పిలిచి, ఉన్న ఒక్క బాతునూ కోసిపెట్టబోతారు. బౌకిస్‌గా కూర్చోమని యోరిస్ లీవినాను బతిమాలాడు. ఫిలేమోన్‌గా తన దగ్గరే అచ్చుమర తిప్పే గోమార్‌ను నిలబెట్టాడు. భార్య పోయాక గోమార్ మనుషులతో మాట్లాడటమే తగ్గించేశాడు.

బొమ్మ కోసం తెచ్చిన బాతు తాడు తెంపుకుని పెరట్లోకి ఉరికింది. "పట్టుకోవయ్యా, చూస్తావేం?" అని లీవినా కేకేసింది. గోమార్ దూకి గడ్డిలో బోర్లాపడ్డాడు. ఆమె నవ్వాపుకోలేక అక్కడే కూలబడింది. యోరిస్ ఆ నవ్వునే గీసుకున్నాడు.

తిరనాళ్లలో ఆ బొమ్మ అచ్చులు అంగళ్ల ముందు వేలాడాయి. బజారు ఆడవాళ్లు వదులుతారా?

"ఇన్నాళ్లూ మొగుణ్ణి ఎక్కడ దాచావే?" అన్నారు.

లీవినా నేరుగా అచ్చుగదికి వెళ్లి, రేకు మీది తన మొహం చెరిపేయమంది. యోరిస్ లేడు. గోమార్ అరచేత్తో రేకు మీది సిరా తుడుస్తున్నాడు.

"గీకి నున్నగా రుద్దితే పోతుంది. ఆయన చెబితే నేనే చేస్తాను. నాకు మాత్రం ఇష్టం లేదు," అన్నాడు.

"నీకెందుకో?"

"అచ్చయిన కాగితం ఎత్తగానే ముందు మీ మొహమే కనిపిస్తుంది. అలవాటైపోయింది."

ఆమె బొమ్మ మీదికి వంగింది. "ముక్కు మరీ పెద్దగా చెక్కాడు."

"లేదు, ఉన్నంతే చెక్కాడు."

తిట్టడానికి తెరిచిన నోట్లోంచి నవ్వొచ్చింది. మర్నాడు అతనికి ఉప్పు చేపలు పట్టుకెళ్లింది. చలికాలమంతా ఏదో ఒక సాకుతో వెళుతూనే ఉంది. వసంతంలో పెళ్లయింది; ఆటపట్టించిన ఆడవాళ్లే ముందు వరసలో కూర్చుని కళ్లు తుడుచుకున్నారు.

పెళ్లయ్యాక లీవినా నోరేమీ తగ్గలేదు. గోమారే మాటలు నేర్చాడు. పొద్దున్నే ఆమె బుట్ట మోసుకెళ్లి, బేరాల్లో తలదూర్చి, అందరి ముందూ తిట్లు తినేవాడు. సాయంత్రం తడి అచ్చులు తాడు మీద ఆరేస్తూ ఆ తిట్లకు తాపీగా జవాబులు చెప్పేవాడు.