నేనేం చేశానండీ

ఆంజనేయప్రసాద్‌కు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. తాను చేసిన మంచి పని తాను చేశానని ఒప్పుకోడు. కారు నడిపి భద్రంగా చేరిస్తే రోడ్డు బాగుందంటాడు. కూర రుచిగా కుదిరితే వంకాయలు లేతవంటాడు. కూతురు రిషితకు లెక్కల్లో మంచి మార్కులొస్తే టీచరు గొప్పదంటాడు. పక్కన కూర్చుని ఆ లెక్కలన్నీ చేయించింది తనేనన్న సంగతి చచ్చినా బయటపెట్టడు. పెళ్లిరోజున ఎవరో "ఇన్నేళ్ల కాపురం ఎలా నెగ్గుకొచ్చారండీ?" అని అడిగితే భార్య మృదులను చూపించి, "అంతా ఆవిడే అండీ, నేను ఊరికే పక్కన నిలబడ్డాను" అన్నాడట.

మామూలు మనిషికైతే ఇది ముచ్చటైన జబ్బే. కానీ ప్రసాద్ ఒక మల్టీనేషనల్ కంపెనీకి కెనడాలోని కేంబ్రిడ్జ్ ప్లాంట్‌లో ఆపరేషన్స్ డైరెక్టరు. పుణె నుంచి కంపెనీయే బదిలీ మీద తీసుకొచ్చింది. ఇప్పుడు వర్క్ పర్మిట్ గడువు దగ్గరపడింది. ఈయన ఇక్కడ ఫలానా ఫలానా పెద్ద పనులు చేస్తున్నాడని కంపెనీ రాసిచ్చి, స్పాన్సర్ చేస్తేనే పీఆర్, అంటే ఇక్కడే స్థిరపడే హక్కు. లేకపోతే పన్నెండో తరగతి మధ్యలో రిషితను లేవదీసుకుని మూటాముల్లే సర్దుకోవలసిందే.

ఆ కేసు వచ్చి స్కార్‌బరోలో ఇమిగ్రేషన్ కన్సల్టెంట్ విశ్వేశ్వరరావు ఒళ్లో పడింది. ఆయన జబ్బు సరిగ్గా దీనికి తలకిందులు. ఆఫీసు బోర్డు మీద ఆయన పేరు పైన ఉంటుంది, కింద ఉంటుంది, మధ్యలో ఫోటోతో సహా ఉంటుంది. ఎవరికి పీఆర్ వచ్చినా "నేను తెప్పించాను" అంటాడు. రాకపోతే "గవర్నమెంటు అలా ఉంది" అంటాడు. ఇంట్లో భార్య సూర్యకుమారి పులిహోర కలిపి, తిన్నవాళ్లు బాగుందంటే, ఆవిడ నోరు తెరిచేలోపే "చింతపండు నేనే తెచ్చా" అంటాడు. ఆవిడ పులిహోరకు ఇన్నేళ్లుగా వచ్చిన మెప్పులో సగం చింతపండుకే పోయింది.

"మీ బాధ్యతలేమిటో చెప్పండి," అన్నాడు విశ్వేశ్వరరావు, కీబోర్డు మీద వేళ్లు పెట్టుకుని.

"నాదేముందండీ. అంతా టీమ్ చేస్తుంది."

"ఆ టీమ్‌ని నడిపేదెవరు?"

"వాళ్లే నడుస్తారండీ. మంచివాళ్లు."

"పోనీ, కొత్త మెషీన్ లైన్ పెట్టించారట కదా?"

"అది వీర్రాజు పెట్టాడండీ. షిఫ్ట్ సూపర్‌వైజర్. బంగారం లాంటి మనిషి."

"ఆ బంగారాన్ని ఉద్యోగంలోకి తీసుకున్నదెవరు?"

ప్రసాద్ ఇరుకున పడ్డాడు. కాసేపు ఆలోచించి, "ఆయనే అప్లై చేశాడండీ," అన్నాడు.

విశ్వేశ్వరరావు కీబోర్డు పక్కకి నెట్టేశాడు. "వీర్రాజుకి పీఆర్ కావాలంటే మీరు చెప్పింది చక్కగా సరిపోతుందండీ."

"ఆయనకి కిందటేడే వచ్చేసిందండీ," అన్నాడు ప్రసాద్, తనకే వచ్చినంత సంతోషంగా. "కంపెనీయే స్పాన్సర్ చేసింది."

ఇలాంటి మొహమాటాలు వదలగొట్టడంలో తనను మించినవాడు లేడని విశ్వేశ్వరరావు నమ్మకం. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి 'ఇది నేను నిర్ణయించాను' అనుకోమని ప్రసాద్‌కు మందు రాసిచ్చినట్టు చెప్పి పంపాడు. వారం తిరిగేసరికి మృదుల ఫోన్ చేసింది.

"ఏమ్మా, అద్దం ముందు నిలబడుతున్నారా?"

"నిలబడుతున్నారండీ. అద్దం బాగా తుడిచావని నన్ను మెచ్చుకుంటున్నారు."

అంతలో కంపెనీ హెచ్ఆర్ నుంచి ప్రసాద్ డ్యూటీల డ్రాఫ్ట్ వచ్చింది. 'కోఆర్డినేట్ చేస్తారు', 'సహకరిస్తారు', 'తోడ్పడతారు'. చదివి విశ్వేశ్వరరావు నెత్తి పట్టుకున్నాడు. "పెళ్లి పందిట్లో కుర్చీలు వేసేవాడికి ఇంతకంటే అధికారం ఉంటుంది," అన్నాడు సూర్యకుమారితో. "నేనే స్వయంగా వెళ్లి చూసుకుంటా."

"మీరు చూసుకుంటానన్నప్పుడే నాకు భయం," అందావిడ.

కేంబ్రిడ్జ్ ప్లాంట్‌లో హెచ్ఆర్ మేనేజరు హెదర్ ఆయనకు కాఫీ ఇచ్చింది, కుర్చీ ఇచ్చింది, కావలసిన మాట మాత్రం ఇవ్వలేదు.

"సంతకం పెట్టాల్సింది నేను. నిజం కానిది రాయలేను," అంది. "ప్రతి మీటింగ్‌లోనూ ఇది ఫలానావాళ్లు చేశారని ఆయనే చెబుతారు. ఆ పేర్లు చూసే మేం ప్రమోషన్లు ఇచ్చాం. వీర్రాజుని స్పాన్సర్ చేసిందీ అలాగే. ఈయన పేరు మాత్రం ఇంతవరకు ఎవరి నోటా వినలేదు."

పక్కనే కూర్చున్న ప్రసాద్, "హెదర్ చాలా నిజాయితీ గల మనిషండీ," అని తెలుగులో మెచ్చుకున్నాడు.

అప్పుడే బల్ల మధ్యనున్న స్పీకర్‌ఫోన్ మోగింది. హెడ్డాఫీసు నుంచి వైస్ ప్రెసిడెంటు. కిందటి వారం మంచు తుఫానులో షిఫ్టు మధ్యలోనే ఆపేసి అందర్నీ ఇళ్లకు పంపేశారట. కస్టమర్‌కు సరుకు ఆలస్యమైందట. ఆపింది ఎవరని ఆయన అడుగుతున్నాడు. రిపోర్టు పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన వీర్రాజు అక్కడే ఆగిపోయాడు. ఆపింది అతనే.

విశ్వేశ్వరరావు కళ్లు మూసుకున్నాడు. 'అన్నిటికీ వీర్రాజు పేరు చెబుతావు కదా, ఇదొక్కటీ కూడా చెప్పు తండ్రీ. ఈ వారమే నీకు సంతకం కావాలి' అని మనసులో దణ్ణం పెట్టుకున్నాడు.

"నేను," అన్నాడు ప్రసాద్.

"ఎవరో సూపర్‌వైజర్ అని విన్నామే?"

"మంచు గట్టిగా పడితే నన్ను అడగకుండా పంపించెయ్యమని ఆయనకు ముందే చెప్పి ఉంచింది నేను. ఈ ప్లాంట్ ఎప్పుడు నడవాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించేది నేను. తప్పనుకుంటే నాది. రోడ్లు మూసేశాక వాళ్లంతా ఇళ్లకెలా వెళ్తారు? మళ్లీ అలాంటి మంచు పడితే మళ్లీ ఆపుతాను."

అవతల ఏదో రాసుకుంటున్న చప్పుడు. "సరే. కస్టమర్‌తో మీరే మాట్లాడుకోండి."

"మాట్లాడానండీ. ఒప్పుకున్నారు," అన్నాడు ప్రసాద్. అక్కడితో ఆగితే బాగుండేది. "వాళ్లు చాలా మంచివాళ్లు."

హెదర్ లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని 'కోఆర్డినేట్ చేస్తారు' అన్న ముక్క కొట్టేసింది. "ఇప్పుడు రాయగలను," అంది. "నా చెవులతో విన్నాను."

గుమ్మంలోంచి వీర్రాజు, "సార్, మెషీన్ లైన్ సంగతి కూడా రాయించండి. నాకు నేర్పింది ఈయనే," అన్నాడు. ప్రసాద్ సిగ్గుతో కిటికీలోంచి ట్రక్కులను చూడసాగాడు.

తిరుగు ప్రయాణంలో విశ్వేశ్వరరావు ఇంట్లో చెప్పడానికి కథ సిద్ధం చేసుకున్నాడు. దారిలో మిల్టన్ అనే ఊరు చేరేసరికి ఆ కథలో అంతా నడిపించినవాడు తనే అయిపోయాడు. ఆ తర్వాత ట్రాఫిక్ ఆగిపోయింది. ఊరికే కూర్చున్నప్పుడు బుద్ధి పనిచేయడం ఆయనకు కొత్త. ఆ స్పీకర్‌ఫోన్ తనను అడిగి ఉంటే 'గవర్నమెంటు అలా ఉంది' అని ఉండేవాడినని తోచింది. ఇల్లు చేరేసరికి కథలోంచి తనను తాను దించేసుకున్నాడు.

"ఇంతకీ అక్కడ మీరేం చేశారు?" అంది సూర్యకుమారి.

"కుర్చీలో కూర్చున్నాను."

ఆవిడ వచ్చి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

హెడ్డాఫీసు అడ్డు చెప్పలేదు. ప్రావిన్స్ ప్రభుత్వం ఒప్పుకుంది, ఆ తర్వాత నెలలు పట్టినా పీఆర్ వచ్చింది. రిషిత చదువు ఆగలేదు. ఆ ఆదివారం ప్రసాద్ కుటుంబం స్కార్‌బరోకు భోజనానికి వచ్చింది.

"అంతా మీ చలవేనండీ," అన్నాడు ప్రసాద్.

ఎప్పటిలా 'నేను తెప్పించాను' అనబోయి విశ్వేశ్వరరావు నీళ్లు తాగాడు. "నేనేం చేశానండీ," అన్నాడు. ఆ మాట గొంతు దాటడానికి ఇంకో గ్లాసు పట్టింది.

"పులిహోర ఎంత బాగుందో ఆంటీ," అంది మృదుల.

విశ్వేశ్వరరావు పెదాలు కదిలాయి. సూర్యకుమారి గరిటె పట్టుకుని ఎదురుచూస్తోంది. ఆయన పళ్లు బిగబట్టి, "మీ ఆంటీయే చేసిందమ్మా. మొత్తం," అన్నాడు.

ప్రసాద్ ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుని, ఆయన ముఖం వంక ఒకసారి చూశాడు.

"చేసింది ఆంటీ అయినా, చింతపండు మాత్రం భలే దొరికిందండీ," అన్నాడు. "ఎవరు తెచ్చారో గానీ."

విశ్వేశ్వరరావు భార్య వంక చూశాడు, బడిపిల్లాడు మాస్టారి వంక చూసినట్టు.

"చెప్పండి, ఫర్లేదు," అంది సూర్యకుమారి.