పిట్ట రెక్కలు కత్తిరించిన శుక్రవారం

2015 ప్రాంతంలో, గల్ఫ్‌లో, రూవిలోని మా ఫ్లాట్‌లో నాకూ మావారికీ ఏ గొడవైనా వచ్చిందంటే అది పిట్ట గురించే. తల మీద పసుపు కుచ్చు ఉన్న బూడిదరంగు కాకటీల్, చిన్న చిలకజాతి పిట్ట. నేను పిల్లల వార్డులో నర్సుని. సాయంత్రం డ్యూటీలే ఎక్కువ. ఆయన గోడౌన్ నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎదురొచ్చేది అదొక్కటే. తాళం చప్పుడు వింటే చాలు, ఎగిరొచ్చి భుజం మీద వాలేదట. నేను ఇంటికి చేరేసరికి ఆయనకు నిద్ర ముంచుకొచ్చేది, ఇక నాతో మాటలేం మిగులుతాయి?

ఆ ఎగరడమే దాని ప్రాణం మీదికి తెచ్చింది. ఒకరోజు ఆయన తలుపు తీయగానే భుజం దాటి మెట్ల మీదికి పోయింది. ఇంకో అంతస్తు దిగితే రోడ్డే. ఈలలు వేసి, బతిమాలి, ఎలాగో పట్టుకొచ్చారు. నేను ఫోన్‌లో వీడియోలు చూసి తేల్చి చెప్పాను, రెక్కల ఈకలు కత్తిరించాల్సిందేనని.

"వద్దే. కోసేత్తే ఇంక నా దగ్గరకొత్తాదా? కోపం పెట్టుకుంటాది."

"గోళ్ళు తీసినట్టేనండీ, నొప్పుండదు. రోడ్డు మీదకెళ్ళిపోతే మాత్రం వత్తాదా?"

అక్కడ సెలవు శుక్రవారమే. ఆ రోజు చర్చి నుంచి రాగానే ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, పిట్టను తువ్వాల్లో చుట్టాను. చంటిపిల్లల్ని చుట్టి చుట్టి అలవాటైన చేతులు కదా, బిగించి చుట్టేశాయి. కత్తెర అందుకోబోతుంటే ఆయన "ప్రార్థన చేద్దాం" అన్నారు. మా వైపు బోరు వేయించినా, బండి కొన్నా ముందు ప్రార్థన ఉండాల్సిందే. పిట్టకి మాత్రం ఎందుకుండకూడదు? కళ్ళు మూసుకున్నాం. ఆయన సృష్టినంతా స్తుతించి, మా ఆడపడుచు మోకాళ్ళ నొప్పుల దాకా వచ్చారు. ఎందుకో అనుమానమొచ్చి కళ్ళు తెరిచాను. పిట్ట నోరు తెరుచుకుని ఎగశ్వాస తీస్తోంది.

ఛాతీ కదిలితేనే పిట్టకి ఊపిరాడుతుంది, అక్కడ నొక్కకూడదు. ఆ సంగతి వీడియోలో విన్నాను కూడా. "ఆమేన్!" అని గట్టిగా అరిచి తువ్వాలు వదులు చేశాను. ఆడపడుచు మోకాళ్ళు సగంలో ఆగిపోయాయి. అది తేరుకున్నాకే మళ్ళీ పట్టుకున్నాం. ఆయన దాని తలను మాత్రం రెండు పక్కలా వేళ్ళతో ఆపారు. నేను ఒక్కో రెక్క విప్పి వెలుతురుకు పట్టి చూశాను. కొత్తగా వస్తున్న ఈక కాడలో నెత్తురుంటుంది, దాన్ని కోయకూడదు. అలాంటిదేమీ కనిపించలేదు. రెండు వైపులా చివరి ఐదేసి ఈకల్ని సమానంగా కత్తిరించాను. ఒకవైపే కోస్తే ఒరిగి పడుతుంది. ఇలా అయితే పైకి ఎగరలేకపోయినా మెల్లగా కిందికి దిగగలదు.

వదిలిపెట్టగానే కుర్చీ కిందికి దూరి, సాయంత్రం దాకా బయటికి రాలేదు. ఆయన బిర్యానీ ముట్టుకోలేదు.

మర్నాడు మనసు ఆగక డ్యూటీ మార్చుకుని ఇంట్లోనే ఉండిపోయాను. ఆయనకు చెప్పలేదు. తాళం చప్పుడైంది. వంటింటి గుమ్మం చాటు నుంచి చూస్తున్నాను. పిట్ట కుర్చీ మీంచి దూకి, రెక్కలు టపటపలాడించి, హాలు మధ్యలో నేల మీదికి దిగిపోయింది. అక్కడే ఆగింది. ఆయన తలుపు మూసి, ఏం చేయాలో తెలియనట్టు నిలబడ్డారు. తర్వాత బూట్లతోనే నేల మీద చతికిలబడి చెయ్యి చాచారు. అది టైల్స్ మీద టకటకా నడుచుకుంటూ వెళ్ళి, చొక్కా పట్టుకుని ఎక్కి భుజం మీద కూర్చుంది.

"కోపం లేదేటే నా మీద?" అన్నారాయన. దాని కుచ్చు నిమురుతూ, "మీ అమ్మ డ్యూటీ నుంచి వచ్చేసరికి చాలా టైమవుద్దిలే. రా, ఇద్దరం కూర్చుందాం" అన్నారు.

రోజూ ఆయన దానితో చెప్పుకునే మాట అదేనన్నమాట. నాకు ఏడుపొచ్చింది.

"నేనింట్లోనే ఉన్నానండీ" అని వెళ్ళి ఆయన పక్కనే నేల మీద కూర్చున్నాను.