పూత కింద చందనం

వీరాయి చేసిన సోల్డరింగ్‌లో తప్పు పట్టినవాళ్లు ఇంతవరకు లేరు. వయసు నలభై ఏడు. తండ్రి కోయంబత్తూరు వీధులు ఊడ్చేవాడు. తమిళంలో ఎనిమిదో తరగతి దాకా చదివి ఒక స్టెబిలైజర్ల కంపెనీలో చేరింది. పందొమ్మిదేళ్లు పనిచేశాక అది మూతపడితే ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌కు వచ్చింది. ఇంట్లో మాట్లాడేది తెలుగే. తెలుగు చదవడం మాత్రం రాదు.

అక్కడి విద్యార్థులు రెండు చేతుల్లో పట్టేంత ఉపగ్రహం ఒకటి కడుతున్నారు. దాని ప్రధాన బోర్డు మీద ప్రతి చిప్పునూ అతికించింది వీరాయే. జట్టు నాయకురాలు చారులతది పొల్లాచ్చిలో కొబ్బరితోటలున్న కుటుంబం. ఆమె ఇంట్లోనూ తెలుగే కాబట్టి ల్యాబ్‌లో ఇద్దరిదీ ఒకే భాష.

ఆయుధ పూజకు ఆ ఊళ్లో లేత్ నుంచి స్కూటర్ దాకా అన్నిటికీ చందనం, కుంకుమ పెడతారు. వీరాయి ల్యాబ్‌లోని మీటర్లన్నిటికీ పెట్టింది.

"అక్కా, దీనికి లేదా?" చారులత బోర్డు చూపించింది.

"దానికి వద్దు పాపా. తడి తగలకూడదు."

"ఒక్క చుక్క. పైకి పోయేది అదే కదక్కా. పనిచేయని ఆ ఓటి మీటర్‌కు కూడా పెడితివి, దీనికి కోపం రాదా?"

వీరాయి నవ్వి, పెద్ద చిప్పు నెత్తిన అగ్గిపుల్ల కొనతో చుక్క పెట్టింది. మరునాడు స్పిరిట్‌తో తుడిచింది. వారం తర్వాత తేమ తగలకుండా బోర్డంతా పారదర్శకమైన పూత పూశారు.

జనవరిలో పరీక్షలు మొదలయ్యాయి. గాలి తీసేసిన ఇనుప పెట్టెలో బోర్డును వేడి చేస్తారు, చల్లబరుస్తారు, మళ్లీ వేడి చేస్తారు. మూడో రోజు వేడి అరవై డిగ్రీలు దాటగానే బోర్డు దానంతటదే ఆగి మళ్లీ మొదలైంది. మర్నాడు ఇంకోసారి. చారులత ప్రోగ్రాం అంతా వెతికింది. తప్పు దొరకలేదు. మూడోసారి ఆగాక వీరాయి బోర్డును బయటికి తీయించి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. పెద్ద చిప్పు కాళ్ల మధ్య, పూత కింద, పసుపు రంగు పొర. దాన్నానుకుని రాగి మీద పచ్చని తుప్పు.

"చూస్తివా పాపా? తుడిచినప్పుడు కరిగి కాళ్ల సందులోకి దిగింది, స్పిరిట్ అంత కిందికి పోలేదు. సందనమే. నేనే పెడితిని."

"పెట్టమనింది నేను కదక్కా."

"పూత గీకి, చిప్పు పీకి వేరేది వేస్తాను. పది దినాలు కావాల."

"శుక్రవారం పంపాల. లేదంటే రాకెట్‌లో మన చోటు పోతాది. మళ్లా దొరికేలోగా మా చదువులు అయిపోతాయి."

జట్టును నడిపించే ప్రొఫెసర్ సుందరమూర్తి అంతా విని, మొదట తలుపు వేయమన్నాడు. మూడుసార్లు ఆగింది, మూడుసార్లూ లేచింది కదా అన్నాడు తమిళంలో. చందనం సంగతి ఎక్కడా రాయవద్దన్నాడు. తర్వాత ఒక ఇంగ్లీషు కాగితం వీరాయి ముందుకు జరిపాడు.

"ఇందులో ఏముండాది?" అని వీరాయి చారులతను అడిగింది.

"బోర్డు శుభ్రంగా ఉండాదని. పూత కింద వేరే ఏమీ లేదని."

"అయితే నా పేరు వద్దు."

ఆయన వాదించలేదు. బోర్డు చేసినవారి పేరుండాల్సిన చోట చారులత పేరు రాసి కలం ఆమెకిచ్చాడు. చారులత సంతకం పెట్టింది.

"అది చేసింది నేను పాపా," అంది వీరాయి. సుందరమూర్తి కాగితాన్ని ఫైల్లో పెట్టాడు.

శుక్రవారం ఉదయం బోర్డును ఉపగ్రహం పెట్టెలో పెట్టి మూయడానికి మళ్లీ ఆమెనే పిలిచారు. అంత సన్నని స్క్రూలు జారకుండా బిగించే చెయ్యి ల్యాబ్‌లో ఇంకొకటి లేదు. వద్దంటే ఎవరో ఒకరు బిగించి బోర్డును విరగ్గొడతారు. ఆమె నాలుగూ బిగించింది.

చారులత చివరి తనిఖీకి కేబుల్ కలిపింది. బోర్డు ఎన్నిసార్లు ఆగిందో లాప్‌టాప్‌లో కనిపిస్తుంది. మూడు. ఇద్దరూ చూస్తుండగా అది నాలుగైంది. ఇంతవరకు బోర్డు వేడిలో తప్ప ఆగలేదు. గది ఏసీతో చల్లగా ఉంది.

"పాపా," అంది వీరాయి.

చారులత కేబుల్ పీకి లాప్‌టాప్ మూసింది. ఉపగ్రహాన్ని తీసుకెళ్లడానికి వచ్చిన కారు కింద హారన్ కొడుతోంది.